ఒకే లైసెన్సు, ఎవరి వాడకం వారిది

2024 మార్చి 20న రెడిస్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. తమ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 7.4 వెర్షన్ నుంచి బీఎస్‌డీ లైసెన్సు కింద రాదని, ఇకపై వాడేవాళ్లు రెండు కొత్త లైసెన్సుల్లో ఒకదానికి ఒప్పుకోవాలని. ఆ రెండింటిలో ఏదీ ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఆమోదించిన జాబితాలో లేదు. పదిహేనేళ్లుగా ఎవరైనా తీసుకుని, మార్చుకుని, చివరికి అమ్ముకోగలిగిన సాఫ్ట్‌వేర్‌కి ఆ రోజుతో షరతులు వచ్చిపడ్డాయి. మార్చి 28కల్లా అదే పాత కోడ్ నుంచి, లైనక్స్ ఫౌండేషన్ నీడన, వాల్‌కీ అనే పోటీ ప్రాజెక్టు పుట్టుకొచ్చింది. దాని వెనక అమెజాన్, గూగుల్, ఒరాకిల్, ఎరిక్సన్, స్నాప్ నిలబడ్డాయి.

అప్పటి నుంచి ఈ తగాదా మీద ప్రధానంగా రెండు మాటలు వినబడుతున్నాయి. కంపెనీ నమ్మించి మోసం చేసిందన్నది ఒకటి. పెద్ద క్లౌడ్ కంపెనీలు పరుల కష్టం మీద కోట్లు గడిస్తుంటే కళ్లప్పగించి చూడాలా అన్నది రెండోది. రెండింటిలోనూ నిజం ఉంది, అయితే సమపాళ్లలో లేదు. ఎటువైపు ఎంత మొగ్గుందో తేల్చుకోవాలంటే ముందు సరుకేమిటో, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పుకోవాలి.

ఫోన్లో షాపింగ్ యాప్ తెరిచి బుట్టలో ఒక చీర వేశారనుకోండి. సాయంత్రం మళ్లీ తెరిస్తే అది అక్కడే ఉండాలి, తడుముకోకుండా కనబడాలి. ప్రతిసారీ అసలు డేటాబేస్ దాకా వెళ్లి డిస్కు మీంచి వెతికి తెస్తే ఆలస్యమవుతుంది. అందుకని తరచూ కావాల్సిన సమాచారాన్ని సర్వర్ మెమరీలోనే పెట్టుకుని అడిగిన వెంటనే అందించే పనిముట్టు ఒకటి మధ్యలో ఉంటుంది. రెడిస్ ఎక్కువగా చేసే పని అదే. లాగిన్ సెషన్లు, ఆటల్లో స్కోరు పట్టికలు, ఒకే నంబరు నుంచి నిమిషానికి పదిసార్లు ఓటీపీ అడగకుండా ఆపే లెక్కలు, అన్నీ దీనితో నడుస్తాయి. వాడే మనిషికి దీని పేరు కూడా తెలియదు. రాసే ఇంజినీరుకు మాత్రం రోజూ చేతిలో ఉండేది.

దీన్ని రాసినాయన సాల్వతోరే సాన్‌ఫిలిప్పో, ఇటలీలోని సిసిలీ వాసి. ఆంటీరెజ్ అంటేనే ఈ రంగంలో అందరికీ తెలుస్తుంది. వెబ్‌సైట్లకు ఎవరొస్తున్నారో అప్పటికప్పుడు చూపించే చిన్న సర్వీసు ఒకటి నడుపుతూ, మైఎస్‌క్యూఎల్ ఆ తాకిడికి తట్టుకోలేకపోతే, 2009లో సొంతంగా ఒకటి రాసుకున్నారు. మొదటి నమూనా టీసీఎల్ భాషలో, తర్వాత సీ భాషలో. రెడిస్ వాడే 6379 అనే పోర్టు నంబరుకీ ఒక సరదా కథ ఉంది. ఇటలీ టీవీ తార అలెస్సియా మెర్జ్ ఇంటిపేరులోని నాలుగు అక్షరాలు పాత ఫోన్ కీప్యాడ్ మీద నొక్కితే వచ్చే అంకెలవి. స్నేహితుల మధ్య పుట్టిన ఆ జోకు ఇవాళ లక్షల సర్వర్ల సెట్టింగుల్లో కూర్చుంది.

ఆంటీరెజ్ ఎంచుకున్న బీఎస్‌డీ లైసెన్సు నిండా ఒక పేజీ ఉండదు. నా పేరు, ఈ నోటీసు చెరపకండి, ఏదైనా తేడా వస్తే నన్ను అడగకండి, మిగతాదంతా మీ ఇష్టం. దాని తాత్పర్యం అంతే. తీసుకున్నవాళ్లు తమ మార్పులను తిరిగి ఇవ్వాలన్న నిబంధన అందులో లేదు. మూసిపెట్టి అమ్ముకోకూడదన్న నిబంధనా లేదు.

2011లో ఇజ్రాయెల్‌లో గారంటియా డేటా అనే కంపెనీ మొదలైంది. దాని వ్యాపారమేమిటంటే, రెడిస్‌ను క్లౌడ్‌లో నడిపి కస్టమర్లకు అద్దెకివ్వడం. అంటే ఆంటీరెజ్ రాసిన కోడ్‌ను, బీఎస్‌డీ ఇచ్చిన వెసులుబాటుతో, అమ్ముకోవడం. ఆ కంపెనీయే 2014లో రెడిస్ ల్యాబ్స్‌గా పేరు మార్చుకుంది. అంతకుముందు వీఎంవేర్, ఆ తర్వాత పివోటల్ జీతమిచ్చి పోషించిన ఆంటీరెజ్‌ను 2015లో తనలోకి తీసుకుంది. 2018లో రెడిస్ అనే ట్రేడ్‌మార్క్ కూడా కంపెనీ చేతికి వచ్చింది. 2021లో ల్యాబ్స్ అన్న తోక తీసేసి, సాఫ్ట్‌వేర్ పేరూ కంపెనీ పేరూ ఒకటే చేసేసింది. ఇదంతా చట్టబద్ధమే, తప్పుపట్టాల్సింది లేదు. అయితే క్లౌడ్ కంపెనీల మీద వచ్చిన ఫిర్యాదును వినేటప్పుడు, ఫిర్యాదుదారు కూడా అదే గుమ్మంలోంచి లోపలికి వచ్చాడన్నది గుర్తుపెట్టుకోవాలి.

ఇక కంపెనీ వాదన. దీన్ని కొట్టిపారేసేవాళ్లు ఎక్కువగా జీతాల రిజిస్టరు ముందు కూర్చోనివాళ్లు.

సొమ్మొకడిది, సోకొకడిది అన్న మాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. ఈ రంగంలో డబ్బు సాఫ్ట్‌వేర్ అమ్మితే రాదు, దాన్ని నడిపిపెడితే వస్తుంది. సర్వర్లు చూసుకోవడం, బ్యాకప్ తీయడం, అర్ధరాత్రి పడిపోతే లేపి నిలబెట్టడం, ఈ సేవకే కస్టమర్ నెల నెలా బిల్లు కడతాడు. ఆ సేవ అమ్ముకోవడంలో అమెజాన్‌కు ఉన్న అనుకూలత మరొకరికి రాదు. కస్టమర్ మొత్తం వ్యవస్థ అప్పటికే వాళ్ల దగ్గర ఉంటుంది, ఖాతా ఉంటుంది, బిల్లింగ్ ఉంటుంది. జాబితాలో మరొక మీట నొక్కితే రెడిస్ సిద్ధం. ఎలాస్టీక్యాష్ పేరుతో అమెజాన్ 2013 నుంచీ ఈ సేవ అమ్ముతోంది. రెడిస్‌ను తయారుచేసే ఇంజినీర్లకు జీతమిచ్చే కంపెనీ మాత్రం అదే కస్టమర్ దగ్గరికి వెళ్లి, ఇంకో ఒప్పందం చేసుకోండి, ఇంకో బిల్లు కట్టండి అని బతిమాలాలి.

ఈ బాధ రెడిస్ ఒక్కదానిదే కాదు. 2018 అక్టోబరులో మాంగోడీబీ తన లైసెన్సు మార్చి ఎస్‌ఎస్‌పీఎల్ తెచ్చింది. మూడు నెలలకే అమెజాన్, మాంగోడీబీకి రాసిన అప్లికేషన్లు తన దగ్గర నడిచేలా డాక్యుమెంట్‌డీబీని దించింది. 2021 జనవరిలో ఎలాస్టిక్ అదే బాట పట్టింది. అంతకుముందే ట్రేడ్‌మార్క్ వాడకం మీద అమెజాన్‌పై కోర్టుకెక్కిన కంపెనీ అది. 2023 ఆగస్టులో హాషీకార్ప్, సర్వర్ల ఏర్పాటుకు వాడే తన టెర్రాఫామ్ టూల్ లైసెన్సు మార్చింది. నాలుగు వేర్వేరు కంపెనీలు నాలుగు వేర్వేరు సంవత్సరాల్లో ఒకే గోడకు తల కొట్టుకున్నాయంటే, ఆ గోడ ఊహ కాదు.

జీతమిచ్చే కంపెనీ లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అదే వారం దొరికింది. వాల్‌కీ ప్రకటన వచ్చిన మర్నాడే, మార్చి 29న, ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ టూల్‌లో ఎవరో దొంగదారి పెట్టారన్న సంగతి బయటపడింది. దాన్ని ఏళ్ల తరబడి జీతం లేకుండా ఒక్కడే మోస్తూ అలసిపోయిన మెయింటెయినర్ దగ్గర సాయం పేరుతో చేరి, నమ్మకం సంపాదించి, చివరికి పెత్తనం చేజిక్కించుకుని చేసిన పని అది. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు అనుమానపడ్డారు కాబట్టి సరిపోయింది. రెడిస్‌కు అలాంటి ముప్పు తక్కువగా ఉండటానికి కారణం, దాన్ని పూర్తికాలం కనిపెట్టుకునే జీతగాళ్లు ఉండటమే. ఆ జీతాలు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్న న్యాయమైనది.

న్యాయమైన ఈ ప్రశ్న పక్కన మరో సంగతి కూడా పెట్టాలి. 2021లో పెట్టుబడిదారులు ఈ కంపెనీకి 200 కోట్ల డాలర్లకు పైగా విలువ కట్టారు. అంత విలువ కట్టినవాళ్లు ఇంజినీర్ల జీతాలకు సరిపడా వస్తే చాలనుకోరు. లైసెన్సు మార్పుల వెనక బతుకుతెరువు ఎంత, పెట్టుబడికి రాబడి చూపించాల్సిన ఒత్తిడి ఎంత అన్నది బయటివాళ్లకు లెక్క తేలదు. కంపెనీల ప్రకటనల్లో మాత్రం ఎప్పుడూ మొదటిదే కనబడుతుంది.

ఇప్పుడు అవతలి పక్షం. వాళ్ల మొదటి ప్రశ్న: ఇది ఎవరి సొమ్ము?

2020 జూన్‌లో ఆంటీరెజ్ బాధ్యతల నుంచి తప్పుకున్నారు. కోడ్ రాయడమే తనకు ఇష్టమని, మనుషులను, పనులను సమన్వయం చేసే ఉద్యోగం తనకు పడదని చెప్పి వెళ్లారు. ఆ తర్వాత ఐదుగురితో ఒక బృందం ఏర్పడింది. అందులో ముగ్గురు రెడిస్ ల్యాబ్స్ వాళ్లు, ఒకరు అలీబాబా నుంచి, ఇంకొకరు అమెజాన్ ఉద్యోగి మ్యాడెలిన్ ఓల్సన్. అంటే, క్లౌడ్ కంపెనీలు తీసుకోవడమే తప్ప ఇచ్చిందేమీ లేదన్న మాట పూర్తిగా నిలవదు. 7.0 వెర్షన్ తర్వాతి కమిట్లను, అంటే కోడ్‌లో చేరిన మార్పులను, లెక్కేసి చూసినప్పుడు, చైనా కంపెనీ టెన్సెంట్‌లో పనిచేసే ఒకే ఒక్క ఇంజినీరు చేసినవి దాదాపు నాలుగో వంతు తేలాయి. రెడిస్ కంపెనీ వాళ్లందరివీ కలిపినా ఐదో వంతుకు అటూఇటూ.

కమిట్ల లెక్క గుడ్డిగా నమ్మదగింది కాదన్నదీ నిజమే. అక్షరదోషం దిద్దినా ఒకటే, నెల రోజులు తలబద్దలు కొట్టుకుని క్లస్టర్ కోడ్ తిరగరాసినా ఒకటే. పరీక్షలు నడపడం, వెర్షన్ విడుదల చేయడం, భద్రతా లోపాలకు రాత్రికి రాత్రి ప్యాచ్ ఇవ్వడం లాంటివి ఆ లెక్కలో సరిగా కనబడవు. ఆ చాకిరీలో ఎక్కువ భాగం కంపెనీదే. అయినా సరే, మా సొమ్ము అని కంపెనీ ఒక్కటే గుండెమీద చెయ్యేసుకుని అనలేదు. బయటివాళ్లు వారాంతాలు ధారపోసింది బీఎస్‌డీ ప్రాజెక్టుకు. అది రేపు షరతుల సరుకవుతుందని తెలిస్తే ఎందరు ఆ పని చేసేవాళ్లు?

తెలియకపోవడానికి కారణముంది. 2018లో కంపెనీ తన అదనపు మాడ్యూళ్ల లైసెన్సు మార్చినప్పుడు పెద్ద దుమారం రేగింది. అప్పుడు కంపెనీ, ఆంటీరెజ్ ఇద్దరూ బహిరంగంగా చెప్పిన మాట ఒక్కటే: అసలు రెడిస్ బీఎస్‌డీలోనే ఉంటుంది. కంపెనీ ఆ మాటకు ఎల్లకాలం అని కూడా జోడించింది. ఆ ఎల్లకాలం ఐదున్నరేళ్లకు తీరిపోయింది. నా మటుకు ఈ కేసులో కంపెనీ మీద పడే అసలు బరువు ఇదే. లైసెన్సు ప్రకారం మార్చుకునే హక్కు కంపెనీకి ఉంది, ఎందుకంటే బీఎస్‌డీ ఆ తలుపు ఎవరికీ మూయలేదు. అదే కాగితం అమెజాన్‌కు అద్దెకిచ్చే హక్కునిచ్చింది, రెడిస్ కంపెనీకి షరతులు పెట్టే హక్కునిచ్చింది, వాల్‌కీకి చీలిపోయే హక్కునిచ్చింది. ముగ్గురూ చట్టం లోపలే ఉన్నారు. తేడా అల్లా, ఎల్లకాలం అని మాటిచ్చింది వాళ్లలో ఒకరే.

రెండో అభ్యంతరం మరింత ఆచరణాత్మకమైనది. దెబ్బ ఎవరికి తగిలింది? రెడిస్ పెట్టిన రెండు కొత్త లైసెన్సుల్లో ఒకటి మాంగోడీబీ తెచ్చిన ఎస్‌ఎస్‌పీఎల్. అది చెప్పేదేమిటంటే, ఈ సాఫ్ట్‌వేర్‌ను సేవగా అమ్మదలిస్తే, ఆ సేవ నడపడానికి వాడే బ్యాకప్, మానిటరింగ్, మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అంతా కూడా ఇదే లైసెన్సు కింద బయటపెట్టాలి. పాటించడం దాదాపు అసాధ్యమైన షరతు ఇది. పాటించాలని పెట్టింది కాదు, తప్పుకోవాలని పెట్టింది. అమెజాన్, గూగుల్ తప్పుకున్నాయి కూడా. వాళ్ల దగ్గర ఆ కోడ్ ఆనుపానులు తెలిసిన ఇంజినీర్లు ఉన్నారు, వారం రోజుల్లో సొంత బాట వేసుకున్నారు. మైక్రోసాఫ్ట్ రెడిస్ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుని సాఫీగా సాగిపోయింది. ఇరుక్కున్నవాళ్లు ఎవరంటే, ఏ రెండో మూడో దేశాల్లో కొద్దిమంది కస్టమర్లకు హోస్టింగ్ అమ్ముకునే చిన్న సంస్థలు, తమ ఉత్పత్తి లోపల రెడిస్‌ను పెట్టి ఇచ్చేవాళ్లు, ఫెడోరా, ఆర్చ్ లాంటి లైనక్స్ పంపిణీలు. ఫెడోరా 41వ విడుదలలోనే వాల్‌కీకి మారింది. ఆర్చ్ 2025 ఏప్రిల్‌లో రెడిస్‌ను పక్కకు నెట్టింది.

వాల్‌కీ విషయానికొస్తే, మొదటి రోజుల్లో దానికి పేరు కూడా కుదరలేదు. ప్లేస్‌హోల్డర్‌కేవీ అని తాత్కాలికంగా ఏదో తగిలించి, రెడిస్ 7.2.4 కోడ్ మీద పని మొదలెట్టేశారు. ఇప్పటికీ వాల్‌కీ సర్వర్‌ను ఇన్ఫో అనే కమాండ్‌తో నీ వెర్షనేమిటి అని అడిగి చూడండి. రెండు జవాబులు ఇస్తుంది. వాల్‌కీ వెర్షన్ అన్న వరసలో తన అసలు నంబరు చెబుతుంది. రెడిస్ వెర్షన్ అన్న వరసలో 7.2.4 అంటుంది. పాత అప్లికేషన్లు ఆ వరస చూసుకునే పనిచేస్తాయి కాబట్టి దాన్ని తీసేయలేదు. పోర్టు నంబరూ ఆ మెర్జ్ గారి 6379యే. సర్వర్ మార్చుకున్న ఇంజినీర్లలో చాలామందికి అప్లికేషన్ కోడ్‌లో ఒక్క వరసా మార్చాల్సిన పని రాలేదు. 2024 సెప్టెంబరులో వచ్చిన 8.0 వెర్షన్ ఒకే సర్వర్ మీద సెకనుకు పది లక్షలకు పైగా అభ్యర్థనలు తట్టుకుంటుందని ఆ ప్రాజెక్టు వాళ్ల కొలతలు చెప్పాయి. ఆ మరుసటి నెల అమెజాన్ తన ఎలాస్టీక్యాష్‌లో వాల్‌కీని రెడిస్ కంటే 20 శాతం, సర్వర్‌లెస్ రకంలో 33 శాతం తక్కువ ధరకు పెట్టింది.

ఆ ధర దగ్గర కాసేపు ఆగాలి. వాల్‌కీ పుట్టుకను సామాన్య జనం విజయంగా చెప్పుకునేవాళ్లు దాని ముందు తప్పక ఆగాలి. పోటీదారును బజారులో దెబ్బకొట్టడానికి కుబేరుడు తగ్గించిన ధర అది. ఇలాంటి చీలికలు నిలబడాలంటే కోడ్‌తో పాటు జీతాలు కావాలి. 2024 మార్చి నెలలోనే రెడిక్ట్ అనే ఇంకో చీలిక కూడా వచ్చింది. ఏ పెద్ద కంపెనీ నీడ లేకుండా, మార్చి పంపిణీ చేసేవాళ్లు ఆ మార్పుల కోడ్ కూడా ఇచ్చి తీరాలనే ఎల్‌జీపీఎల్ లైసెన్సుతో, కొద్దిమంది వ్యక్తులు మొదలుపెట్టింది. సిద్ధాంతం లెక్కన చూస్తే వాల్‌కీ కంటే దానిదే గట్టి పునాది. దాని పేరు ఇవాళ ఎంతమందికి తెలుసు? చీలిపోయే హక్కు అందరికీ ఉంది. చీలి బతికే స్తోమత మాత్రం జీతమిచ్చే యజమాని ఉన్నవాళ్లకే. టెర్రాఫామ్ నుంచి చీలిన ఓపెన్‌టోఫు కూడా, దాని మీద బతికే కంపెనీలు కొన్ని కలిసి ఇంజినీర్లను కేటాయిస్తేనే నిలదొక్కుకుంది. ఈ సంగతి ఒప్పుకోకుండా, లైసెన్సు మారిస్తే ఏముంది, చీలిపోతాం అనడం కంపెనీల మాటంత డొల్లగానే ఉంటుంది.

అయినా వాల్‌కీకి ఒక మంచి లక్షణం ఉంది. ఏ ఒక్క కంపెనీకీ దాని మీద పెత్తనం చిక్కకుండా నియమావళి రాసుకున్నారు, పేరు ఫౌండేషన్ దగ్గర ఉంది. రేపు అమెజాన్ మనసు మారినా, ఆ పేరుతో మరో ప్రకటన చేయలేదు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సంగతి చూస్తే ఇదెందుకు ముఖ్యమో తెలుస్తుంది. 1980ల్లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైన డేటాబేస్ అది. లైసెన్సు బీఎస్‌డీ కోవదే, అంతే ఉదారమైనది. అమెజాన్ దాన్నీ అద్దెకిస్తోంది, గూగుల్ ఇస్తోంది, మైక్రోసాఫ్ట్ ఇస్తోంది. రెడిస్‌కు వచ్చిన జబ్బు లైసెన్సుదే అయితే పోస్ట్‌గ్రెస్ ఎప్పుడో పోవాలి. పోలేదు సరికదా ఏటా ఒక పెద్ద వెర్షన్ విడుదల చేస్తూనే ఉంది. దాన్ని నడిపే కోర్ టీమ్‌లో ఒకే కంపెనీ మనుషులు సగానికి మించకూడదని కట్టుబాటు ఉంది. దాని మీద వ్యాపారం చేసుకునే కంపెనీలు చాలా ఉన్నాయి, ఇంజినీర్లకు జీతాలిచ్చి ఆ పనిలో పెడుతున్నాయి, కానీ అది నాది అనగలిగే కంపెనీ ఒక్కటీ లేదు. కాబట్టి దాని లైసెన్సు మార్చాలని పట్టుబట్టే పెట్టుబడిదారూ లేడు. క్లౌడ్ దోపిడీ ఓపెన్ సోర్స్‌ను చంపేస్తోందన్న వాదనకు దీనికంటే గట్టి జవాబు నాకు కనబడలేదు. క్లౌడ్ పోటీ వల్ల ఊపిరాడక అల్లాడేది ఒక ప్రత్యేకమైన వ్యాపార నమూనా. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మొత్తాన్నీ ఒకే కంపెనీ గుప్పిట్లో పెట్టుకుని, దాని పేరే తన పేరుగా చేసుకుని, ఆ వాడకమంతా ఎప్పుడో ఒకప్పుడు ఆదాయంగా మారుతుందని పెట్టుబడి తెచ్చుకునే నమూనా. అందులో దిగేటప్పుడు బీఎస్‌డీ ఎంత ఉదారమో కంపెనీకి తెలుసు. ఆ ఉదారత వల్లే రెడిస్ అంత వేగంగా ప్రపంచమంతా పాకింది. పాకిన తర్వాత ఆ ఉదారతే నేరమన్నారు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

అంత కటువుగా అన్న తర్వాత, 2025లో జరిగింది కూడా చెప్పాలి. 2024 డిసెంబరులో ఆంటీరెజ్ కంపెనీకి తిరిగొచ్చారు. 2025 మే 1న రెడిస్ 8 వచ్చింది, దానితో పాటు మూడో లైసెన్సుగా ఏజీపీఎల్ చేరింది. 2007 నుంచీ ఉన్న లైసెన్సు, ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఆమోదించినది. సాఫ్ట్‌వేర్‌ను మార్చి నెట్‌వర్క్ ద్వారా సేవగా ఇస్తే, ఆ మార్చిన కోడ్ వాడేవాళ్లకు అందుబాటులో ఉంచాలంటుంది. ఎస్‌ఎస్‌పీఎల్‌లా బ్యాకప్ స్క్రిప్టుల దాకా పాకదు. ఎస్‌ఎస్‌పీఎల్‌ను జనం ఒప్పుకోలేదని ఆంటీరెజ్ నిర్మొహమాటంగా రాశారు. ఏజీపీఎల్ ఘనత మాత్రం తనది కాదని, తాను వచ్చేనాటికే లోపల ఆ చర్చ నడుస్తోందని కూడా చెప్పారు. కంపెనీ అధిపతి రోవన్ ట్రోలోప్ మరీ సూటిగా ఒప్పుకున్నారు: లైసెన్సు మార్పు అనుకున్నది సాధించింది, అమెజాన్, గూగుల్ తమ సొంత చీలికను తామే పోషించుకుంటున్నాయి, కానీ రెడిస్ జనంతో మా సంబంధం దెబ్బతింది అని. ఎలాస్టిక్ కూడా అంతకు ఎనిమిది నెలల ముందు, 2024 ఆగస్టులో, ఇలాగే ఏజీపీఎల్‌ను చేర్చింది.

దీన్ని పశ్చాత్తాపం అనేవాళ్లున్నారు, ఎత్తుగడ అనేవాళ్లున్నారు. ఎత్తుగడ అనేవాళ్ల దగ్గర ఒక బలమైన పాయింటు ఉంది. ఏజీపీఎల్ కోడ్ వాడొద్దని గూగుల్ తన ఉద్యోగులకు రాతపూర్వకంగా చెప్పిన సంగతి అందరికీ తెలిసిందే. చాలా పెద్ద కంపెనీల లీగల్ డిపార్ట్‌మెంట్లు దాని పేరు వింటేనే వెనక్కు జరుగుతాయి. ఆ భయంతో కొందరైనా వచ్చి డబ్బు కట్టి కమర్షియల్ లైసెన్సు తీసుకుంటారు. పైగా ఈ ఏర్పాటులో వాల్‌కీ బీఎస్‌డీ కోడ్‌ను రెడిస్ తీసుకోవచ్చు, రెడిస్ ఏజీపీఎల్ కోడ్‌ను బీఎస్‌డీలో ఉండదలచిన వాల్‌కీ తీసుకోలేదు. నీళ్లు ఒకవైపే పారతాయి. ఇదంతా నిజమే అయినా నేను దీన్ని తప్పుపట్టను. తన పని తాను అమ్ముకోవడానికి కంపెనీకి ఏదో ఒక ఆధారం ఉండాలి. ఏజీపీఎల్ ఆ ఆధారాన్ని ఇస్తూనే, వాడడం, చదవడం, మార్చడం, పంచడం అనే నాలుగు హక్కులనూ వాడేవాళ్లకు ఉంచుతుంది. 2018లో మాడ్యూళ్ల గొడవ జరిగినప్పుడే రెడిస్ కొత్త కోడ్‌కు ఏజీపీఎల్ పెడతాం, కారణాలివి అని ముందుగా చెప్పి ఉంటే, కొందరు గొణిగేవాళ్లు, కొందరు వెళ్లిపోయేవాళ్లు. మాట తప్పారన్న నింద మాత్రం ఉండేది కాదు. నా తీర్పు ఇంతే: ఫిర్యాదు న్యాయమైనది, 2024 మందు తప్పు, 2025 మందు సరైనదే కానీ ఏడేళ్లు ఆలస్యం. వెళ్లిపోయినవాళ్లు తిరిగి రావాల్సిన అవసరమూ లేదు. రెండు ప్రాజెక్టులూ ఇప్పుడు దేని దారిన అవి ఎదుగుతున్నాయి. వెక్టర్ సెట్స్ లాంటి ఆంటీరెజ్ కొత్త పని రెడిస్‌లో ఉంది, వాల్‌కీ వేగం మీద దృష్టి పెట్టింది. పోటీ వల్ల రెండూ చురుగ్గా ఉన్నాయి, అది వాడేవాళ్లకు లాభం.

ఈ తగాదా సిసిలీలో, ఇజ్రాయెల్‌లో, సియాటెల్‌లో, షెన్‌జెన్‌లో జరిగిందే అయినా మన వాకిట్లోకీ వచ్చింది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్ తెరిచింది. గచ్చిబౌలిలోనో, విశాఖలోనో, డాలస్‌లోనో కూర్చుని సర్వర్లు నడిపే తెలుగు ఇంజినీర్లకు రెడిస్, టెర్రాఫామ్ లాంటివి రోజువారీ పని. ఇలాంటి ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఆఫీసుల్లో జరిగేది ఒకటే. లీగల్ వాళ్ల నుంచి మెయిలొస్తుంది, ఎక్కడెక్కడ వాడుతున్నామో జాబితా తీయమంటారు, రెండు వారాల్లో మార్చేయమంటారు. మార్చేస్తారు, మరిచిపోతారు. ఆ సాఫ్ట్‌వేర్‌కు మన కంపెనీ ఏమిచ్చింది అన్న ప్రశ్న ఆ మెయిల్లో ఉండదు. ఉచితంగా తీసుకుని ఊరుకునేవాళ్లంటే అమెజాన్ ఒక్కటే గుర్తుకురావడం మనకు అలవాటు. నిజానికి ఆ వరసలో మనమూ ఉన్నాం, కాకపోతే చిన్నవాళ్లం.

మన దేశంలోనే వేరే ఉదాహరణ ఉంది. బెంగళూరులోని జెరోధా, షేర్ల లావాదేవీల కంపెనీ, 2024 అక్టోబరులో ఫ్లాస్ ఫండ్ పేరుతో ఏటా 10 లక్షల డాలర్లు ప్రపంచంలో ఎక్కడి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకైనా ఇస్తామని ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ అమ్ముకునే కంపెనీ కూడా కాదది. వాడుకున్నాం కాబట్టి ఇస్తున్నాం అంది. హైదరాబాద్‌లో అంతకంటే పెద్ద ఆఫీసులు, ఎక్కువ ఆదాయం ఉన్న కంపెనీలు చాలా ఉన్నాయి. మెయింటెయినర్‌కు డబ్బు పంపడం వాటిలో చాలావాటికి అకౌంట్స్‌లో ఏ పద్దు కింద రాయాలో తెలియని ఖర్చు. డబ్బు కుదరకపోతే ఇంజినీరు సమయమైనా ఇవ్వొచ్చు. వారంలో ఒక పూట, తాము వాడే ప్రాజెక్టులో బగ్గులు తీసేందుకు, డాక్యుమెంటేషన్ దిద్దేందుకు. టెన్సెంట్‌లోని ఆ ఒక్క ఇంజినీరు ఏం చేయగలిగారో పైన చూశాం.

ఇది చదివే ఇంజినీరుకు ఒక విన్నపం. రేపు మీ ప్రాజెక్టులోకి కొత్త ఓపెన్ సోర్స్ సరుకు తెచ్చేముందు లైసెన్సు పేరు చూసి ఆగిపోకండి. ట్రేడ్‌మార్క్ ఎవరి దగ్గర ఉంది, మెయింటెయినర్లందరికీ జీతమిచ్చేది ఒకే కంపెనీనా, బయటివాళ్ల దగ్గర కాపీరైట్ రాయించుకునే ఒప్పందం ఏమైనా ఉందా, ఈ మూడూ చూడండి. చూసింది రాసి డిజైన్ డాక్యుమెంట్‌లో పెట్టండి. ఆ తర్వాత వచ్చే బడ్జెట్ మీటింగులో, ఈ ప్రాజెక్టుకు మనం ఏటా ఎంత ఇస్తున్నాం అని మీ మేనేజరును ఒక్కసారి అడగండి.